విప్పి చూసిన పెట్టె – మా ఏజెన్సీలో వైర్‌లెస్ కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని సంఘం వారు కోరారు. చరిత్ర అనగానే మా దుమ్ముగూడెం వాళ్ళం కాటన్ దొర ఆనకట్టతో మొదలుపెట్టి పర్ణశాలతో ముగిస్తాం. ఆ రెంటి గురించి నాకన్నా బాగా వ్రాయగలవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. నేను 1978లో టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో టెక్నీషియన్‌గా చేరి, 2016లో రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర తీగలది, ఆ తర్వాత తీగలు లేకుండా పోయిన మాటలది. అందువల్ల ఈ మధ్య మా ఇంటికి కొత్తగా వచ్చిన వై-ఫై రూటరును విప్పి, పరీక్షించి, అందులో నాకు కనిపించిన చరిత్రనే వ్రాస్తున్నాను.

పెట్టె పంపింది మా అబ్బాయి. స్క్రూడ్రైవరు తీసేసరికి మా మనవడు అడ్డం పడ్డాడు. "తాతయ్యా, విప్పితే వారంటీ పోతుంది, స్టిక్కరు చూడు" అన్నాడు. వాడి మాట నిజమే. మన కాలంలో ఫోను డిపార్ట్‌మెంట్ సొత్తు. చందాదారు దాన్ని విప్పకూడదు. కానీ మనం విప్పవచ్చు, విప్పడమే మన ఉద్యోగం. బెంగుళూరు ఐ.టి.ఐ. వారి నల్ల ఫోను ఒకటి ముప్పై ఏళ్ళు బతికేది. ట్రాన్స్‌మిటరులో కార్బన్ రవ్వలు గడ్డకడితే తట్టి సరిచేసేవాళ్ళం, డయల్ స్ప్రింగు మార్చేవాళ్ళం, కార్డు చివర కత్తిరించి మళ్ళీ బిగించేవాళ్ళం. ఇప్పుడు పెట్టె మన సొత్తు, డబ్బు మనది, అయినా విప్పకూడదట! ఈ న్యాయం నాకు నచ్చలేదు. విప్పడానికి అసలు కారణం మాత్రం వేరే ఉంది, అది గోదావరికి సంబంధించినది. ముందు పెట్టె సంగతి చెప్పి అక్కడికి వస్తాను.

అడుగున రబ్బరు కాళ్ళు పీకితే వాటి కింద రెండు మరలు. మిగతాదంతా ప్లాస్టిక్ కొక్కేలు. పాత ఏ.టి.ఎం. కార్డు అంచు పెట్టి చుట్టూ తిప్పితే టప్ టప్ మని ఊడాయి. లోపల అరచేయంత ఆకుపచ్చ బోర్డు, దాని మీద రెండు తగరపు మూతలు, వెనుక అయిదు సాకెట్లు, నాలుగు కర్రల్లాంటి యాంటెన్నాలు. అంతే. పెట్టెలో సగం గాలే. పెద్దదిగా కనబడాలని పెద్దది చేశారు.

వెనుక సాకెట్లతో మొదలుపెడతాను, ఎందుకంటే లైన్‌మెన్ మిత్రులకు అక్కడే పాత చుట్టం కనబడుతుంది. నెట్ కేబులు కత్తిరించి చూడండి. ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి, ప్రతి జతా మెలిపెట్టి ఉంటుంది, పైగా ఒక్కొక్క జతకు మెలి ఒక్కొక్క రకం. మన పాత ఓవర్‌హెడ్ లైన్లు గుర్తున్నాయా? స్తంభాల మీద రెండు తీగలు పక్కపక్కనే పోతుంటే, కొన్ని స్తంభాలకొకసారి వాటి చోట్లు తారుమారు చేసేవాళ్ళం. ట్రాన్స్‌పోజిషన్ అనేవాళ్ళం. కరెంటు లైను గోల, పక్క లైను మాటలు రెండు తీగల్లోనూ సమంగా పడితే ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. మెలిపెట్టిన జత ఆ ట్రాన్స్‌పోజిషన్‌నే అంగుళానికొకసారి చేస్తుంది. ఈ మెలిక మీద గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. అడవిలో స్తంభమెక్కి మనవాళ్ళు చేసిన పనే ఈనాటి కేబులులో ఇమిడి ఉంది.

సాకెట్ల వెనుక నల్లని చిన్న దిమ్మ ఉంది. అది ట్రాన్స్‌ఫార్మరు. కేబులుకూ లోపలి సర్క్యూటుకూ మధ్య నేరుగా తీగ సంబంధం లేకుండా అడ్డు నిలుస్తుంది. ఈథర్‌నెట్ ప్రమాణం ప్రకారం 1,500 వోల్టులు తట్టుకోవాలి. మన ఎం.డి.ఎఫ్.లో ఫ్యూజులు, గ్యాస్ ట్యూబులు చేసిన కాపలాలో కొంత ఇది చేస్తుంది. మా వైపు వేసవి చివర ఉరుముల వానలు ఎలా ఉంటాయో తెలిసినవారు ఈ దిమ్మను గౌరవంగా చూస్తారు. అయితే పిడుగు నేరుగా పడితే దీని వల్ల కాదు. ఉరుముతున్నప్పుడు ప్లగ్గు పీకేయడమే మేలు.

తగరపు మూత కింద ఉన్నదే అసలు వైర్‌లెస్. మూత ఎందుకంటే, లోపలి తరంగాలు బయటికి, బయటివి లోపలికి దొంగదారిన పోకుండా. ఈ తరంగాల మొదటి కథ మన దేశానిదే. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు గారు గోడల అవతలికి తరంగాలు పంపి గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించారు. ఆయన ప్రయోగాలు చేసిన తరంగాల పొడవు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. మార్కోనీ పొడవాటి తరంగాలతో 1901 డిసెంబరులో అట్లాంటిక్ సముద్రం దాటించాడు, పేరు ఆయనకు వచ్చింది. ప్రపంచం నూరేళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ బోసు గారి పొట్టి తరంగాల దగ్గరికే వచ్చింది. మా పెట్టెలోని తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, ఇంకో రకానిది ఆరు సెంటీమీటర్లకు కాస్త తక్కువ.

యాంటెన్నా ఒకదాని తొడుగు లాగి చూశాను. బయటికి జానెడు పొడవు. లోపల అసలు సరుకు ఆరు సెంటీమీటర్ల ఇత్తడి గొట్టమూ తీగా మాత్రమే, అంటే తరంగంలో సగం. మిగతా పొడవు అలంకారం. పెద్ద కర్రలున్న పెట్టె ఎక్కువ దూరం పనిచేస్తుందని దుకాణంలో చెబితే నమ్మకండి.

ఇక ఈ తరంగాల వరుస, అంటే 2.4 గిగాహెర్ట్జ్, ఇళ్ళకు ఎలా దక్కిందన్నది వింత కథ. 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికాం మహాసభలో దీన్ని పరిశ్రమలకు, వైద్యానికి, వేడిచేసే యంత్రాలకు కేటాయించారు. మైక్రోవేవ్ పొయ్యి వాడుకునేది ఈ వరుసనే. మాటలకు పనికిరాని రొద ప్రదేశమని దాన్ని పక్కన పడేశారన్నమాట. 1985లో అమెరికా ప్రభుత్వం ఆ రొద ప్రదేశంలో లైసెన్సు లేకుండా ఎవరైనా చిన్న శక్తితో మాట్లాడుకోవచ్చునంది. 1997లో దానికి 802.11 అనే ప్రమాణం వచ్చింది. 1999లో వై-ఫై అనే పేరు పెట్టారు. ఆ పేరుకు విస్తరణ ఏదీ లేదు, వ్యాపారానికి పలకడానికి బాగుంటుందని పెట్టిన పేరు.

మన దేశంలో సంగతి వేరు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడానికే లైసెన్సు కావాలి. మనలో ఎందరి ఇళ్ళల్లో రేడియో లైసెన్సు పుస్తకాలు లేవు? ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి రుసుం కట్టి బిళ్ళలు అంటించుకుని వచ్చేవాళ్ళం. వినడానికే లైసెన్సు ఉన్న దేశంలో పంపడానికి లైసెన్సు అక్కరలేదనడం చిన్న విషయం కాదు. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ వరుసను మన ప్రభుత్వం లైసెన్సు నుంచి తప్పించింది. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ వరుసలో ఎక్కువ భాగాన్ని విడిచిపెట్టింది. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. మనం సర్వీసంతా ఏ చట్టం పేరు చెప్పి జనాన్ని బెదిరించామో దానికి కాలం చెల్లింది.

ఇప్పుడు మా ఏజెన్సీకి వస్తాను. వైర్‌లెస్ మాకు వై-ఫైతో రాలేదు. గోదావరి వరదతో వచ్చింది. కేంద్ర జలసంఘం వారు 1958లో ఢిల్లీ దగ్గర యమునతో వరద సూచనల పని మొదలుపెట్టి తర్వాత పెద్ద నదులన్నిటికీ విస్తరించారు. గోదావరి మీద ఏటూరునాగారం, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, ధవళేశ్వరం ఈ వరుసలోనివే. పైన ఇంద్రావతి కలిశాక నీళ్ళు ఎంత ఎత్తున వస్తున్నాయో కింద ఊరికి ముందే చెప్పాలి. నీళ్ళకన్నా మాట ముందు పోవాలి, అంతే సూత్రం. తీగలు వరదలో పడిపోతాయి గనుక ఆ మాట వైర్‌లెస్ మీదే పోవాలి.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు వచ్చింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గర ఇస్తారంటే ఆ సంఖ్య అర్థం మీకే తెలుస్తుంది. ఆ రోజుల్లో నేను చూసే లైన్లలో స్తంభాలు వరుసగా ఒరిగాయి, తీగలు చెట్లకు చుట్టుకున్నాయి. మా బల్ల మీద టెలిఫోన్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ మాట్లాడదు. వైర్‌లెస్ సెట్టు ఉన్న గది ముందు మాత్రం జనం చెప్పులు విప్పి నిలబడ్డారు, గుడి ముందు నిలబడినట్టు. లోపల ఆపరేటరు ముందు వినేవాడు, ఎవరూ మాట్లాడటం లేదని నిశ్చయించుకున్నాకే బటను నొక్కేవాడు. చెప్పాల్సింది చెప్పి "ఓవర్" అనేవాడు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరి మాటా పోతుంది. ఆ మర్యాదను గుర్తుంచుకోండి, పెట్టెలో మళ్ళీ అదే కనిపిస్తుంది.

1984లో సి-డాట్ పుట్టింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో దాని 128 పోర్టుల గ్రామీణ ఎక్స్చేంజి పనిచేయడం మొదలయింది. ఎ.సి. గది అక్కర్లేకుండా పల్లెటూరి ఎండలో, దుమ్ములో నడిచే ఎక్స్చేంజి మన ఇంజనీర్లు చేశారన్నది ఈనాటికీ నాకు గర్వకారణమే. కానీ ఎక్స్చేంజి నుంచి అడవి గూడేలకు తీగ వేయడం ఎలా? 1994 టెలికాం విధానం 1997కల్లా ప్రతి గ్రామానికీ ఫోను అంది. దానికి దొరికిన ఉపాయం ఎం.ఎ.ఆర్.ఆర్., మనవాళ్ళ నోట "మార్". ఒక బేస్ స్టేషను, రెండు రేడియో చానళ్ళు, వాటిని పంచుకునే పదిహేను గ్రామాలు. ఒక్కో గ్రామంలో ఒక గొట్టపు స్తంభం, దానిపై చేప ముల్లులాంటి యాంటెన్నా, ఒక సోలార్ పలక, ఒక బాటరీ, ఒక పెట్టె, ఒక ఫోను.

ఈ మార్ గురించి ఎవరూ రెండు మంచి మాటలు వ్రాయరు. నేను వ్రాస్తాను, తిట్లు కూడా వ్రాస్తాను. రెండు చానళ్ళలో ఇద్దరు మాట్లాడుతుంటే మూడో గ్రామానికి లైను దొరకదు. బాటరీలో నీళ్ళు పోసేవాళ్ళుండరు. సోలార్ పలక మీద చెట్టు నీడ పడితే సాయంత్రానికి సెట్టు చస్తుంది. కోతులు యాంటెన్నాను పక్కకు తిప్పేవి. దేశమంతటా మార్ ఫోన్లలో చాలా భాగం పనిచేయకుండా పడి ఉండేవని అందరికీ తెలిసినదే, చివరికి వాటిని 2000 దశకంలో డబ్ల్యు.ఎల్.ఎల్. తదితర పద్ధతులతో మార్చారు. కానీ పనిచేసినప్పుడు? వాగు పొంగి నాలుగు రోజులుగా దారి లేని గూడెం నుంచి పురిటి నొప్పుల కబురు వచ్చినప్పుడు, ఆ కబురు మోసింది ఆ దిక్కుమాలిన పెట్టే. బాటరీ డబ్బా భుజాన పెట్టుకుని నాతో వాగులు దాటిన మజ్దూరు సోదరులకు ఆ సంగతి తెలుసు. వాళ్ళలో కొందరు ఈ సంచిక చదవడానికి లేరు.

సరే, పెట్టెలోకి. వై-ఫై చేసే పని కూడా పంపకమే. మా ఇంట్లో తొమ్మిది పరికరాలు ఒకే చానల్‌ను పంచుకుంటాయి. మార్‌లో పంపకం బేస్ స్టేషను చేసేది. ఇక్కడ ఎవరికి వారే చేసుకుంటారు. దీని మూలం 1971లో హవాయి దీవుల్లో ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ అనే ఆచార్యుడు దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపాడు, అలోహానెట్ అని పేరు. చెప్పదలిస్తే చెప్పెయ్, ఇంకొకరితో ఢీకొని మాట పోతే కాసేపాగి మళ్ళీ చెప్పు, ఆ "కాసేపు" ఎంతన్నది ఎవరికి వారు పాచిక వేసినట్టు ఎంచుకోండి. వై-ఫై దానికి ఇంకొక మర్యాద జోడించింది. ముందు విను, ఖాళీగా ఉంటేనే మాట్లాడు, అవతలివాడు "అందింది" అనకపోతే మళ్ళీ చెప్పు. 1986లో నేను చూసిన ఆ ఆపరేటరు చేసినదానికీ దీనికీ తేడా వేగమే. ఈ పెట్టె ఆ పని సెకనుకు వేల సార్లు చేస్తుంది.

ఆ "అందింది" అన్న జవాబుకు పెట్టె ఎదురుచూసేది సెకనులో లక్షల వంతు కొద్ది మాత్రమే. ఇల్లు దాటదనే ధైర్యంతో పెట్టిన గడువు అది. దూరం పెరిగితే జవాబు దారిలో ఉండగానే "రాలేదు" అనుకుని మళ్ళీ పంపుతుంది. ఆ గడువును సాఫ్ట్‌వేరులో మార్చి, డిష్ యాంటెన్నాలు తగిలించి, 2007లో వెనిజులాలో ఎర్మన్నో పియెత్రోసెమోలి బృందం వై-ఫైని 382 కిలోమీటర్లు పంపింది. మనవాళ్ళూ తక్కువ తినలేదు. కాన్పూరు ఐ.ఐ.టి. వారు గంగా మైదానంలో, తమిళనాడులో అరవింద్ కంటి ఆసుపత్రి వారు తేని ప్రాంతపు పల్లెల్లో కంటి పరీక్షలకు ఇలాంటి దూరపు వై-ఫై వాడారు. మన పశ్చిమ గోదావరి జిల్లాలో 2000 దశకం మధ్యలో బైర్రాజు ఫౌండేషన్ వారు "అశ్విని" పేరుతో పల్లెల మధ్య ఎత్తైన స్తంభాలు నిలబెట్టి, వీడియో ద్వారా వైద్యుడి సలహా, పాఠాలు అందించారు. అదే గోదావరి, అదే దశకం, కింద చదునైన డెల్టా కనుక స్తంభం నుంచి స్తంభం కనబడింది. మా వైపు గుట్టలు, టేకు చెట్లు. పొట్టి తరంగానికి తడి ఆకు గోడతో సమానం. అందుకే ఆ పద్ధతి పైకి ఎక్కలేదని నా అభిప్రాయం.

మా వైపుకు మొబైల్ టవర్లు ఆలస్యంగా వచ్చాయి. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకని కేంద్రం 2014లో ఆమోదించిన పథకం కింద పది రాష్ట్రాల్లో 2,343 టవర్లు లేచాయి. అవి 2జి టవర్లు, వాటిని 4జికి మార్చడానికి 2022 ఏప్రిల్‌లో ఆమోదం ఇచ్చారు. పంచాయతీలకు ఫైబరు తీగ వేసే పథకం 2011 అక్టోబరులో ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్ అయింది. ఈ టవర్ల, తీగల పనుల్లో మన సర్వీసు సోదరుల చెమట ఉంది. 2020 జనవరి 31న ఒక్కరోజున డెబ్బై ఎనిమిది వేల పైచిలుకు మంది స్వచ్ఛంద పదవీ విరమణతో ఇంటికి వెళ్ళారు. మన సంఘంలో కొత్త ముఖాలు ఎక్కువైంది అప్పుడే.

ఇక పెట్టెకు మెదడు లాంటి భాగం. ఒక ప్రాసెసర్, పక్కన జ్ఞాపకపు చిప్పులు. లోపల నడిచేది లైనక్స్ అనే సాఫ్ట్‌వేరు, 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. 2002 చివర లింక్‌సిస్ అనే కంపెనీ నీలం, నలుపు రంగుల రూటరు ఒకటి తెచ్చింది. దాన్ని విప్పి చూసిన ఔత్సాహికులు లోపల లైనక్స్ ఉందని గుర్తుపట్టి, ఆ లైసెన్సు షరతు ప్రకారం మీ ప్రోగ్రాము బయటపెట్టాలని నిలదీశారు. 2003లో కంపెనీ బయటపెట్టింది. దాని మీద 2004లో ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి. అనే ఉచిత సాఫ్ట్‌వేరు పుట్టింది. పైన చెప్పిన వెనిజులా ప్రయోగాలకు వాడింది ఆ రకం రూటరునే. విప్పకూడదన్న స్టిక్కరును లెక్కచేయనివారి వల్ల జరిగిన మేలు ఇది.

బోర్డు మూల నాలుగు ఖాళీ రంధ్రాలు వరుసగా కనబడ్డాయి. మన ఎక్స్చేంజిలో మెయింటెనెన్స్ టెర్మినలు తగిలించే పోర్టు లాంటివే అవి. మూడింటికి తీగలు అతికి కంప్యూటరుకు కలిపి, పెట్టె ఆన్ చేస్తే తెల్లటి అక్షరాలు వర్షంలా దిగాయి. మా మనవడు నోరు తెరిచి చూశాడు. నాకు మాత్రం రాత్రి డ్యూటీలో సి-డాట్ ఎక్స్చేంజి రీస్టార్టు చేసినప్పటి తెర గుర్తొచ్చింది. ఆ అక్షరాల్లో ఒక సంగతి తేలింది. పెట్టె ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డుతోనే, బయటి నుంచి సరిదిద్దే తలుపు తెరిచిపెట్టుకుని కూర్చుంది. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతటా ఇలాంటి తలుపుల్లోంచే దూరింది. 2017 జులైలో మన దేశంలోనూ వేలాది మోడెములు ఇదే కారణంగా పడిపోయాయి. పెన్షను ఖాతా, జీవన్ ప్రమాణ్ అన్నీ ఫోనులోనే చేసుకుంటున్న మనం కొత్త పెట్టె పెట్టిన రోజునే రెండు పాస్‌వర్డులూ మార్చాలి, ఒకటి వై-ఫైది, ఇంకొకటి రూటరు లోపలికి వెళ్ళేది. రెండోదాన్ని చాలామంది మరచిపోతారు.

రేడియేషను గురించి పక్కింటి మాస్టారు అడిగారు, "నిద్రపోయే గదిలో ఉంటే తలనొప్పి రాదూ?" అని. ఈ పెట్టె పంపే శక్తి వాటులో పదో వంతు దరిదాపు. దూరం రెండింతలైతే మీద పడేది నాలుగో వంతు అవుతుంది. సెల్ టవర్ల విషయంలో మన దేశం 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ హద్దులో పదో వంతునే అనుమతిస్తోంది, అంత శక్తి గల టవర్ల పక్కనే బతుకుతున్నాం. పెట్టెను గదిలో పెట్టుకుంటారో, హాలులో పెట్టుకుంటారో మీ ఇష్టం. నేనైతే హాలులో ఎత్తున పెట్టాను, కారణం తలనొప్పి కాదు, గోడలు. ఫోను తెర మీద కొలిచి చూస్తే పెట్టె ఎదుట మైనస్ 38 డెసిబెల్స్, ఒక ఇటుక గోడ దాటాక మైనస్ 57, వంటింట్లో బీరువా అడ్డం వచ్చేసరికి మైనస్ 74. మైనస్ 80 దాటితే వీడియో ఆగిపోతోంది. ఇనుప బీరువా, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, ఈ మూడూ దారిలో లేకుండా చూసుకుంటే సగం ఫిర్యాదులు పోతాయి.

ఇప్పుడు అసలు కారణం. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా చెల్లెలు అవతల బూర్గంపాడు వైపు ఉంటుంది, ఒంటరి మనిషి. కరెంటు పోయింది, పోగానే మా ఇంట్లో అప్పటి రూటరు ఆరిపోయింది. కొన్ని గంటలకు సెల్ సిగ్నలూ పోయింది. రెండు రాత్రులు ఆమె ఎక్కడుందో తెలియలేదు. మూడో రోజు పునరావాస కేంద్రం నుంచి ఎవరి ఫోనుతోనో మాట్లాడింది. ఆ రెండు రాత్రులూ నేను ఒకటే ఆలోచించాను. మన పాత ఫోనుకు ఇంట్లో కరెంటు అక్కరలేదు. ఎక్స్చేంజిలోని బాటరీ నుంచి 48 వోల్టులు తీగ వెంట వచ్చేవి. స్తంభం నిలబడి ఉన్నంతసేపూ, ఊరంతా చీకటైనా, చేతికి తీస్తే డయల్ టోను వినబడేది. గాజు తీగలో వెలుతురు వస్తుంది గాని కరెంటు రాదు. ఎంత వేగమిచ్చినా ఆ ఒక్క సుగుణం పోయింది.

అందుకే ఈ కొత్త పెట్టెను విప్పాను. నాకు తెలియాల్సింది ఒక్కటే, ఇది నేరుగా 12 వోల్టుల బాటరీ మీద బతుకుతుందా? లేబులు మీద 12 వోల్టులని ఉంది. కానీ నిండా ఛార్జయ్యే బాటరీ 13.8 దాకా పోతుంది, దిగిపోయేది 11కు వస్తుంది. బోర్డు మీద కరెంటు వచ్చే చోట కెపాసిటరు చూశాను, 25 వోల్టులది. పక్కన వోల్టేజి తగ్గించే చిప్పు నంబరు భూతద్దంతో చదివి దాని డేటా షీటు తెప్పించాను, 18 వోల్టుల దాకా తట్టుకుంటుంది. లోపల ఎలాగూ అన్నిటినీ 3.3 వోల్టులకూ, అంతకన్నా కిందికీ దింపుకుంటుంది. అంటే అడాప్టరు చేసే పనిని బాటరీ చేయగలదు. విప్పకుండా, అట్ట మీది మాటలు చదివి ఈ సంగతి తెలుసుకోవడం సాధ్యం కాదు.

మీటరు పెట్టి కొలిస్తే రూటరు ఊరికే ఉన్నప్పుడు 0.38 ఆంపియర్లు, రెండు ఫోన్లలో వీడియో నడుస్తుంటే 0.55. ఫైబరు తీగ చివర గోడకున్న డబ్బా 0.3. రెండూ కలిపి 0.8 అనుకోండి. యు.పి.ఎస్.లో వాడే 7 ఆంపియర్-అవరు బాటరీకి కలిపి ఒక ఆదివారం ఉదయం మెయిన్ ఆపేశాను. మా ఇంటావిడ "ఫ్యాను లేకుండా ఈ పరీక్షేమిటి" అని గొణుగుతూనే ప్రతి అరగంటకూ రీడింగు వ్రాసిపెట్టింది. ఆరు గంటల నలభై నిమిషాలు నడిచింది. రాత్రంతా ఆపి, ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట వాడుకుంటే మూడు రోజులు కబురు అందుతుంది. అయితే రోడ్డు పక్కన ఫైబరుకు ప్రాణం పోసే పరికరాలకూ బాటరీ ఉండాలి, అది మన చేతిలో లేదు. మా చెల్లెలికి కూడా ఇలాంటి బాటరీయే ఒకటి చేసి ఇచ్చాను, ఈ వర్షాకాలానికి ముందే అటక మీద పెట్టించాను.

చేయదలచిన మిత్రులకు రెండు మాటలు. మీ రూటరు లేబులు మీద 12 వోల్టులని ఉంటేనే ఆలోచించండి. 9 వోల్టులవీ, 5 వోల్టులవీ ఉన్నాయి, వాటికి ఇది పనికిరాదు, పెట్టె మాడిపోతుంది. ప్లగ్గులో నడిమి సూది ప్లస్సో మైనస్సో లేబులు మీది గుర్తు చూసి, మీటరుతో సరిచూసుకోండి. బాటరీ ప్లస్ తీగకు 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పక వేయండి. బాటరీని మూడు నెలలకొకసారి ఛార్జి చేయండి.